మన టి కణాలే మందుగా మారితే: కార్ల్ జూన్ పరిశోధన, కార్-టి చికిత్సపై తరచుగా అడిగే ప్రశ్నలు

రక్త క్యాన్సర్‌తో పోరాడుతున్న ఇంట్లో ‘కార్-టి’ అన్న మాట సాధారణంగా కీమో పనిచేయడం మానేశాకే వినిపిస్తుంది. అప్పటికి ఇంట్లో ఎవరికీ స్థిమితం ఉండదు. ఆ పక్కనే వాట్సాప్‌లో ‘క్యాన్సర్‌కు మందు దొరికేసింది’ అంటూ వీడియోలు తిరుగుతుంటాయి. రోగి సొంత టి కణాలను బయటికి తీసి, జన్యువు మార్చి, తిరిగి ఎక్కించే ఈ చికిత్స నిజంగా గొప్పది. కానీ దాని గొప్పతనం ఎంతవరకో తెలియకుండా ఆశపడితే డబ్బూ, అంతకన్నా విలువైన కాలమూ పోతాయి. అందుకే మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు, ఈ చికిత్సను రోగి మంచం దాకా తెచ్చిన శాస్త్రవేత్త కార్ల్ జూన్ కథతో కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

టి కణాలంటే ఏమిటి? అవి ఒంట్లో ఉండగా క్యాన్సర్ ఎలా వస్తుంది?

తెల్ల రక్తకణాల్లో అవి ఒక రకం. ఎముకల్లోని మూలుగలో పుట్టి, ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో ఎదుగుతాయి. పేరులోని ‘టి’ ఆ థైమస్‌దే. అక్కడ గట్టి వడపోత జరుగుతుంది: సొంత ఒంటి మీదే ఎగబడే టి కణాలు ఆ గ్రంథి దాటి బయటికి రాకుండానే చచ్చిపోతాయి. మిగిలినవి ఒళ్లంతా తిరుగుతూ, వైరస్ సోకిన కణాన్ని పట్టుకుని చంపుతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. క్యాన్సర్ కణం బయటినుంచి వచ్చిన దొంగ కాదు, మన ఇంటి మనిషే దారి తప్పాడు. ప్రతి కణమూ తన లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కల్ని పైకి చూపిస్తూ ఉంటుంది. టి కణం వాటిని చూసే మంచీ చెడూ తేల్చుకుంటుంది. చాలా క్యాన్సర్ కణాలు ఆ ముక్కల్ని చూపించడమే మానేస్తాయి. ఇక పట్టుకునేదెలా?

కార్ల్ జూన్ ఎవరు?

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) ఆచార్యుడు. 1953లో పుట్టారు. నేవీ అకాడమీలో చదివి, తర్వాత వైద్యం చదివి, నౌకాదళ వైద్యుడయ్యారు. 1980లలో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రంలో మూలుగ మార్పిడి నేర్చుకున్నారు. దాత మూలుగతో పాటు వచ్చే టి కణాలు లుకేమియా అనే రక్త క్యాన్సర్‌ను తినేయడం ఆయన అక్కడే చూశారు. అదే టి కణాలు రోగి చర్మాన్నీ పేగులనూ కూడా దెబ్బతీయడమూ చూశారు. ఈ బలాన్ని క్యాన్సర్ మీదికి మాత్రమే మళ్లించడం ఎలా అన్న ప్రశ్న అక్కడినుంచే ఆయన వెంటపడింది.

1999లో పెన్సిల్వేనియాకు వచ్చారు. ఆయన భార్య సింథియాకు అంతకు ముందే, 1996లో అండాశయ క్యాన్సర్ బయటపడింది. 2001లో ఆమె కన్నుమూశారు. ఆ తర్వాత ఆయన తన పనిని ఎలుకల దగ్గరే ఆపకుండా మనుషుల దాకా తీసుకెళ్లడానికే పట్టుపట్టి కూర్చున్నారు.

హెచ్ఐవీ పరిశోధనకూ దీనికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజం. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా తెలుసుకోవలసిన భాగం ఇదే.

నౌకాదళానికి అంటువ్యాధుల మీద పరిశోధన కావాలి. అందుకని జూన్, ఆయన సహచరుడు బ్రూస్ లెవీన్ అమెరికాలోని బెథెస్డాలో హెచ్ఐవీ మీద పనిచేశారు. హెచ్ఐవీ చంపేది టి కణాలనే. రోగి టి కణాల్ని బయటికి తీసి, పెంచి, తిరిగి ఎక్కిస్తే? కానీ టి కణాన్ని గాజు పాత్రలో పెంచడం ఆ రోజుల్లో తేలిక కాదు. దానికి రెండు సంకేతాలు అందితే తప్ప అది విభజన చెందదు. వాళ్లు సన్నని అయస్కాంత పూసలకు ఆ రెండు సంకేతాలనూ ఇచ్చే యాంటీబాడీలు అతికించి, ఆ పూసలతో టి కణాల్ని కలిపి పెట్టారు. కణాలు వందలరెట్లు పెరిగాయి. ఇవాళ్టికీ కార్-టి తయారీలో ఆ పద్ధతి నడుస్తోంది.

రెండో మేలు ఇంకా విచిత్రం. హెచ్ఐవీకి టి కణంలోకి దూరి తన జన్యువుల్ని అక్కడ శాశ్వతంగా నాటే నేర్పు ఉంది. అందులోంచి జబ్బు చేసే భాగాలన్నీ తీసేసి, ఖాళీ డొల్లలో మనకు కావలసిన జన్యువు పెడితే అది మంచి బట్వాడా సాధనమవుతుంది. దాన్నే లెంటీవైరల్ వెక్టర్ అంటారు. లక్షల ప్రాణాలు తీసిన వైరస్ డొల్లే ఇవాళ లుకేమియా పిల్లలకు మందును మోసుకెళ్తోంది. అయ్యో, మా అబ్బాయికి హెచ్ఐవీ ఎక్కిస్తారా అని భయపడే తల్లిదండ్రులు ఉంటారు. లేదు. ఆ డొల్ల ఒంట్లో తనను తాను పెంచుకోలేదు, ఎయిడ్స్ తేలేదు.

1990ల చివర హెచ్ఐవీ రోగులకు ఇచ్చిన మార్పు చేసిన టి కణాలు వాళ్ల జబ్బును నయం చేయలేదు. కానీ పదేళ్లు దాటాక కూడా వాళ్ల రక్తంలో బతికే ఉన్నాయి, హాని చేయలేదు. ఆ పాత ఓటమి లేకపోతే తర్వాతి గెలుపుకు ధైర్యం ఉండేది కాదు.

‘కార్’ అంటే ఏమిటి?

కైమెరిక్ యాంటిజెన్ రిసెప్టర్ అన్న మూడు మాటల పొట్టి రూపం. కైమెరా అంటే రెండు జీవుల కలగలుపు, మన నరసింహుడి లాగా. ఇక్కడ తల యాంటీబాడీది, ఒళ్లు టి కణానిది. యాంటీబాడీకి శత్రువు ముఖం నేరుగా గుర్తుపట్టే చూపుంది కానీ చంపే బలం లేదు. టి కణానికి చంపే బలం ఉంది కానీ ఎదుటి కణం ప్రోటీన్ ముక్కను చూపిస్తే తప్ప గుర్తుపట్టలేదు. రెండింటినీ ఒకే ప్రోటీన్‌గా అతికితే, దాక్కున్న క్యాన్సర్ కణాన్ని కూడా టి కణం పోల్చుకోగలుగుతుంది.

ఏ ముఖాన్ని గుర్తుపట్టమని చెప్పాలి? బి కణాలనే మరో రకం తెల్ల కణాల మీద సీడీ19 అనే ప్రోటీన్ ఉంటుంది. బి కణాల్లోంచి పుట్టిన లుకేమియా మీద, లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో మొదలయ్యే రక్త క్యాన్సర్) మీద కూడా అదే ఉంటుంది. గుండె, కాలేయం లాంటి అవయవాల కణాల మీద ఉండదు. చంపితే మంచి బి కణాలు కూడా పోతాయి, నిజమే. కానీ అవి లేకుండా మనిషి బతకగలడు. కావలసిన యాంటీబాడీలను సెలైన్ లాగా ఎక్కించవచ్చు.

దీన్ని జూన్ ఒక్కరే కనిపెట్టారా?

కాదు. ఆ మాట ఆయన కూడా ఒప్పుకోరు. యాంటీబాడీ తలను టి కణానికి అతికించవచ్చని 1989లో చూపినది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన జెలిగ్ ఎష్హర్ బృందం. ఆ మొదటి నమూనా కణాలు ఒంట్లో ఎక్కువ కాలం నిలవలేదు. రెండో సంకేతాన్ని కూడా కార్‌లోనే కుదిర్చి, సీడీ19ను గురిగా నిలబెట్టిన వాళ్లలో న్యూయార్క్‌లోని మిషెల్ సాడెలైన్ ముఖ్యులు. జూన్ వాడిన కార్ మూల నమూనా మెంఫిస్‌లోని సెయింట్ జ్యూడ్ ఆసుపత్రిలో డారియో కంపానా బృందం తయారుచేసింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం 2010లోనే ఒక లింఫోమా రోగికి గుణం కనిపించిందని ప్రకటించింది. 2024 బ్రేక్‌త్రూ బహుమతిని జూన్, సాడెలైన్‌లు పంచుకున్నారు.

జూన్ బృందం చేసింది ఈ ముక్కలన్నీ తెచ్చి, మనిషి ఒంట్లో ఏళ్ల తరబడి బతికే మందుగా నిలబెట్టడం. తక్కువ పనేం కాదు.

2010లో అసలేం జరిగింది?

డబ్బు లేదు. ప్రభుత్వ గ్రాంట్లు రాలేదు. ఒక చిన్న దాతృత్వ సంస్థ ఇచ్చిన సాయంతో ముగ్గురు రోగులకు సరిపడా మాత్రమే చేయగలిగారు. ముగ్గురిదీ క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, ముగ్గురికీ మిగతా దారులు దాదాపు మూసుకుపోయాయి.

మొదటివారు బిల్ లుడ్విగ్, జైలు అధికారిగా పనిచేసి రిటైరైన మనిషి. కణాలు ఎక్కించిన కొద్ది రోజులకు ఒళ్లు కాలిపోయే జ్వరం, బీపీ పడిపోవడం. ప్రాణం మీదికి వచ్చిందనుకున్నారు. తర్వాత జ్వరం తగ్గింది, చూస్తే లుకేమియా జాడే లేదు. పరీక్షలో ఏదో తప్పు జరిగిందనుకుని మళ్లీ చేశారు. అదే ఫలితం. ఆ తర్వాత డగ్ ఓల్సన్‌కూ అంతే. మూడో వ్యక్తికి పాక్షికంగా గుణం కనిపించింది. లెక్క వేస్తే ఒక్కో రోగి ఒంట్లో కిలోకు పైగా ఉన్న క్యాన్సర్ కణాలను ఈ కార్-టి కణాలే కరిగించేశాయి. ఒక్కో కార్-టి కణం సగటున వెయ్యికి పైగా లుకేమియా కణాల్ని చంపి ఉంటుందని వాళ్ల అంచనా.

2011 ఆగస్టులో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. 2022లో నేచర్ పత్రికలో అదే బృందం మరో వ్యాసం రాసింది: పదేళ్ల తర్వాత కూడా మొదటి ఇద్దరిలో కార్-టి కణాలు పనిచేస్తూనే ఉన్నాయి, లుకేమియా తిరగబెట్టలేదు. లుడ్విగ్ 2021లో కోవిడ్‌తో చనిపోయారు, లుకేమియాతో కాదు. శాస్త్రవేత్తలు ‘నయమైంది’ అనే మాట వాడటానికి ఎంత వెనకాడతారో తెలిసినవాళ్లకు, జూన్ ఈ ఇద్దరి విషయంలో ఆ మాట వాడారంటే దాని బరువు అర్థమవుతుంది.

ఎమిలీ అనే పాప కథ నిజమేనా?

ప్రతి అక్షరమూ నిజం. ఎమిలీ వైట్‌హెడ్‌కు అయిదేళ్లప్పుడు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చింది. రెండుసార్లు తిరగబెట్టింది. 2012 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ స్టీఫెన్ గ్రప్ దగ్గర కార్-టి ఎక్కించారు. పిల్లల్లో అదే మొదటిసారి.

కొద్ది రోజుల్లోనే పాప వెంటిలేటర్ మీదికి వెళ్లింది. పెరిగిపోతున్న టి కణాలు, అవి రెచ్చగొట్టిన మిగతా రోగనిరోధక కణాలు కలిసి సైటోకైన్లనే రసాయనాలను వరదలా వదులుతాయి. దీన్నే సైటోకైన్ తుఫాను అంటారు. స్టెరాయిడ్లకు లొంగలేదు. రక్తపరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్ మామూలుకన్నా సుమారు వెయ్యి రెట్లు ఉంది. జూన్ కూతురికి చిన్నప్పటినుంచి కీళ్లవాతం. అందువల్ల ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు ఉందని ఆయనకు తెలుసు. అది ఇచ్చిన కొన్ని గంటల్లోనే పాప కుదుటపడటం మొదలైంది. తన ఏడో పుట్టినరోజున కళ్లు తెరిచింది. ఆ తర్వాత పెరిగి పెద్దదై 2023లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనే చదువుకు చేరింది.

ఆ రోజు ఆ పాప చనిపోయి ఉంటే ఈ చికిత్స అక్కడితో ఆగిపోయేదేమో అని జూన్ బృందమే అంటుంది. ఇప్పుడు కార్-టి ఇచ్చే ప్రతిచోటా టోసిలిజుమాబ్ ముందే సిద్ధంగా పెట్టుకుంటారు.

ఇది ఏయే క్యాన్సర్లకు పనిచేస్తుంది? అందరికీ గుణం ఇస్తుందా?

బి కణాల లుకేమియా, కొన్ని రకాల బి కణ లింఫోమా, మల్టిపుల్ మైలోమా (మూలుగలోని ప్లాస్మా కణాల క్యాన్సర్). ఇప్పటికి గట్టిగా చెప్పగలిగేవి ఇవే. మైలోమాకు గురి సీడీ19 కాదు, బీసీఎంఏ అనే వేరే ప్రోటీన్.

జూన్ బృందం కణాలే నోవార్టిస్ అనే మందుల కంపెనీ చేతిలో కిమ్‌రియా పేరుతో 2017 ఆగస్టు 30న అమెరికా అనుమతి పొందాయి. ఆ అధ్యయనంలో 75 మంది పిల్లలు, యువకుల్లో 81 శాతం మందికి మూడు నెలల్లోపు జబ్బు జాడ లేకుండా పోయింది. వాళ్లలో కొందరికి తర్వాత తిరగబెట్టింది. అదే ఏడాది అనుమతి వచ్చిన యెస్కార్టా అనే మరో కార్-టి మందు విషయంలో, హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రంలో పనిచేసే సత్వ నీలాపు ముందుండి నడిపిన లింఫోమా అధ్యయనంలో 101 మందిలో 54 శాతం మందికి జబ్బు పూర్తిగా కనిపించకుండా పోయింది. మిగతా దారులన్నీ అయిపోయిన రోగుల్లో ఈ అంకెలు అసాధారణం. అయినా నూటికి నూరు కాదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి.

రొమ్ము, ఊపిరితిత్తులు, పేగు క్యాన్సర్లకు ఎందుకు ఇవ్వరు?

గడ్డ కట్టే క్యాన్సర్లలో సీడీ19 లాంటి శుభ్రమైన గురి దొరకడం లేదు. గడ్డ మీద ఉన్న ప్రోటీన్ మంచి అవయవాల మీద కూడా కొంచెమైనా ఉంటుంది. 2010లో పేగు క్యాన్సర్ ఉన్న ఒక రోగికి హెర్2 అనే ప్రోటీన్‌ను గుర్తించే కార్-టి ఎక్కిస్తే, ఊపిరితిత్తుల కణాల మీద స్వల్పంగా ఉన్న హెర్2ను కూడా అవి పట్టుకున్నాయి. రోగి అయిదు రోజుల్లో చనిపోయారు. పైగా ఒకే గడ్డలో అన్ని కణాలూ ఒకేలా ఉండవు, గడ్డ చుట్టూ ఉండే వాతావరణం టి కణాల్ని నీరసపరుస్తుంది.

పని ఆగలేదు. 2024లో జూన్ విశ్వవిద్యాలయం వైద్యులే గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లో రెండు గురులున్న కార్-టిని ఆరుగురికి ఇస్తే అందరి గడ్డలూ మొదట్లో తగ్గాయి. ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే సంగతి. అదే ఏడాది గడ్డలోంచే తీసిన టి కణాలను పెంచి ఇచ్చే చికిత్సకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ విషయంలో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ ఈరోజు ఎవరైనా మీ అమ్మగారి రొమ్ము క్యాన్సర్‌కు డబ్బు కట్టించుకుని కార్-టి ఇస్తామంటే, ఏ క్లినికల్ ట్రయల్, దాని రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగండి. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

ఒకసారి తగ్గాక ఎందుకు తిరగబెడుతుంది?

ఎక్కించిన కణాలు ముందే అలసిపోవచ్చు. లేదా క్యాన్సర్ కణం సీడీ19ను వదిలేసి ముఖం మార్చుకోవచ్చు. పెన్సిల్వేనియా బృందం 2018లో బయటపెట్టిన ఒక సంఘటన మాత్రం మనసులోంచి పోదు. తయారీ సమయంలో టి కణాలతో పాటు పొరపాటున ఒకే ఒక్క లుకేమియా కణంలోకి కార్ జన్యువు వెళ్లింది. ఆ కార్ కణం మీదున్న సీడీ19ను కప్పేసింది. కార్-టి కణాలకు కనపడకుండా పోయిన ఆ ఒక్క కణమే పెరిగి, రోగి ప్రాణం తీసింది. తమ చికిత్సలో జరిగిన ఈ విషాదాన్ని దాచకుండా లోకానికి చెప్పారు. ఆ బృందాన్ని నేను గౌరవించడానికి ఇదీ ఒక కారణం.

దీనివల్లే మరో క్యాన్సర్ వస్తుందా?

అరుదుగా. కార్-టి తీసుకున్న కొందరిలో టి కణాల క్యాన్సర్లు కనపడటంతో 2024లో అమెరికా నియంత్రణ సంస్థ ఈ మందులన్నిటి మీదా హెచ్చరిక పెట్టించింది. చికిత్స తీసుకున్నవాళ్లను జీవితాంతం గమనించమంది. ప్రాణం మీదికి తెచ్చిన జబ్బు ముందు ఈ ముప్పు చిన్నదనే ఎక్కువమంది వైద్యుల అభిప్రాయం.

ఇమ్యూనిటీ పెంచే కషాయాలు, పొడులు తాగితే టి కణాలు బలపడి క్యాన్సర్ తగ్గదా?

తగ్గదు. కార్-టి లాంటి చికిత్సలను ఇమ్యునోథెరపీ అంటారు, ఆ పేరు చూసి రెండూ ఒకటే అనుకోవద్దు. టి కణాలకు లోపించింది బలం కాదు, చూపు. ఆ చూపును జన్యువు మార్చి ఇవ్వాలి. అల్లం, పసుపు వంటలో వేసుకోండి. కీమో లేదా కార్-టి నడుస్తున్నప్పుడు మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఏ పొడీ వాడొద్దు. కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

క్యాన్సర్‌కు ఇచ్చే కీట్రూడా ఇంజెక్షన్ కూడా ఇదేనా?

కాదు. అది టి కణాలకు పడిన బ్రేకును తీసే యాంటీబాడీ మందు, సీసాలో తయారై వస్తుంది, ఎవరికైనా అదే. అలాంటి బ్రేకుల్ని కనిపెట్టినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది.

మన దేశంలో దొరుకుతుందా? ఎంత ఖర్చు?

దొరుకుతుంది. 2017లో అనుమతి వచ్చినప్పుడు కిమ్‌రియా ధర అమెరికాలో 4,75,000 డాలర్లు. అది మనకు అందనిది. ఐఐటీ బొంబాయిలో రాహుల్ పుర్వార్ బృందం, టాటా మెమోరియల్ వైద్యులు కలిసి సొంతంగా సీడీ19 కార్‌ను తయారుచేశారు. 2021 జూన్‌లో టాటా మెమోరియల్‌లో మొదటి రోగికి ఎక్కించారు. 2023 అక్టోబరులో నెక్స్‌కార్19 పేరుతో అనుమతి వచ్చింది, 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దాన్ని జాతికి అంకితం చేశారు. 2025లో లాన్సెట్ హెమటాలజీలో వచ్చిన ఫలితాల్లో 73 శాతం మందికి గుణం కనిపించింది. బెంగళూరులోని ఇమ్యునీల్ సంస్థ కార్టెమి అనే మరో మందును 2025 జనవరిలో తెచ్చింది.

నెక్స్‌కార్19 ధర విదేశీ ధరలో పదో వంతు, 30 నుంచి 40 లక్షల రూపాయల స్థాయిలో అని మొదట్లో వార్తలొచ్చాయి. ఐసీయూ, మందులు, పరీక్షల ఖర్చు దానికి అదనం. పదో వంతు అయినా ఒక రైతు కుటుంబానికి అది పొలం అమ్మినా చాలని మొత్తం. ఇది నాకు మింగుడుపడని విషయం. హైదరాబాద్‌లోని కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో కూడా కార్-టి ఇస్తున్నారు. మొత్తం అంచనాను కాగితం మీద రాయించుకుని, బీమా కంపెనీకి ముందే పంపండి. మరో మాట: బయాప్సీ లేదా ఫ్లోసైటోమెట్రీ (కణాల మీది ప్రోటీన్లను చూసే పరీక్ష) రిపోర్టులో సీడీ19 పాజిటివ్ అని ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఈ మందుకు పనే లేదు.

చికిత్స ఎలా జరుగుతుంది? ఇంట్లోవాళ్లం ఏం చూసుకోవాలి?

ప్లేట్‌లెట్ దానానికి వాడేలాంటి యంత్రంతో కొన్ని గంటలపాటు రక్తం తీసి, తెల్ల కణాలు వేరుచేసి, మిగతాది తిరిగి ఎక్కిస్తారు. కణాలు ల్యాబుకు వెళ్లి జన్యువు అందుకుని, పెరిగి, పరీక్షలు దాటి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు జబ్బు ముదరకుండా చూడటమే డాక్టర్లకు పెద్ద పరీక్ష. ఎక్కించే ముందు సుమారు మూడు రోజులు తేలికపాటి కీమో ఇచ్చి పాత టి కణాల్ని తగ్గిస్తారు, కొత్తవాటికి చోటు కావాలి కదా. ఎక్కించడం గంటలోపే అయిపోతుంది. ఇంత ఖర్చుపెట్టి తెచ్చింది ఈ చిన్న సంచేనా అనిపిస్తుంది.

ఆ తర్వాతి కొన్ని వారాలే కీలకం. ఆసుపత్రికి దగ్గరలో ఉండాలి, పక్కన ఒకరు ఎప్పుడూ ఉండాలి. జ్వరం వస్తే ఇంట్లో పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు, ఏ అర్ధరాత్రయినా ఫోన్ చేయాలి. కొందరిలో మెదడు మీద తాత్కాలికంగా ప్రభావం పడుతుంది: మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, కొన్నిసార్లు ఫిట్స్. దీన్ని ముందే పసిగట్టడానికి డాక్టర్లు రోగిచేత రోజూ ఒక వాక్యం రాయిస్తారు, వందనుంచి పదేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టిస్తారు. చేతిరాత వంకర పోయిందంటే అదే మొదటి గుర్తు. ఇంగ్లిష్ అలవాటు లేని పెద్దవాళ్లచేత ఇంగ్లిష్‌లో రాయిస్తే అసలు తేడా తెలియదు. మా నాన్నగారు తెలుగులోనే రాస్తారని నర్సుకు మొదటిరోజే చెప్పండి. చికిత్సకు ముందు రాసిన వాక్యం ఒకటి దగ్గర ఉంచుకుని, ప్రతి ఉదయం రాసినదాన్ని దాని పక్కన పెట్టి మీరే చదవండి. ఆయన ‘ళ’ ఎలా చుడతారో నర్సుకు తెలియదు, మీకు తెలుసు.